దాహానికి ముందే నీరు

(వైశాఖ మాస సత్సంగంలో యాత్రికులను, దాతలను ఉద్దేశించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



వైశాఖం జలదానానికి ప్రసిద్ధి చెందిన మాసం. స్కాంద పురాణాంతర్గతమైన వైశాఖ మాహాత్మ్యం ఈ నెలలో చేయదగిన దానాలను వివరిస్తూ, బాటసారులకు నీరిచ్చే ప్రపాదానాన్ని విశేషంగా కొనియాడింది. ప్రప అంటే మన చలివేంద్రమే. పూర్వులు దానినే చలిపందిరి అని కూడా అన్నారు. అక్షయ తృతీయనాడు నీరు నింపిన కుండను దానమివ్వడం, శ్రీరామనవమికి పానకం పంచడం, ఎండనపడి వచ్చిన అతిథికి కుశల ప్రశ్నలకు ముందే చెంబుతో మంచినీళ్లు అందించడం, ఇవన్నీ ఒకే ధర్మానికి భిన్న రూపాలు. ఎండను బాగా ఎరిగిన ప్రజలు తరతరాలుగా నిలుపుకొన్న ఆచారాలివి.

అయితే నీరు పెట్టినంత మాత్రాన దాహం తీరదు. పెట్టిన నీరు అవసరమైన వేళకు అవసరమైన వారికి అందాలి. అందిన నీటిని వారు సంకోచం లేకుండా తాగగలగాలి. తాగిన నీరు దేహంలో నిలవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, చలివేంద్రం ఎదుటనే ఉన్నా మనిషి సొమ్మసిల్లి పడిపోతాడు. ఈ మూడు విషయాలనే ఈనాడు మీ ముందు ఉంచదలచాను.

కుండ చెప్పే పాఠం

మన ఇళ్లలోని మట్టికుండను ఒక్కసారి గమనించండి. కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటకు చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిలోని వేడిని హరిస్తుంది. అందుచేతనే కుండనీరు చల్లబడుతుంది. మన దేహం చేసే పని కూడా ఇదే. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడి దేహాన్ని విడిచిపోతుంది. భగవంతుడు మనిషికి ఇచ్చిన చల్లదనపు యంత్రం ఇదే. దీనికి కావలసిన ఇంధనం నీరు.

ఇప్పుడు మరొక విషయం గమనించండి. పడమటి గాలి వీచే పొడి రోజున కుండలోని నీరు ఎంతో చల్లగా ఉంటుంది. సముద్రం మీది నుంచి తేమగాలి కమ్మి ఉక్కపోత పోసే రోజున అదే కుండలో అదే నీరు అంత చల్లబడదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడంవల్ల చెమ్మ ఆవిరి కావడం మందగిస్తుంది. దేహానికీ అదే గతి. చెమట కారుతుంది గాని ఆరదు. ఆరకుండా కారిపోయిన చెమట వేడిని తీసుకుపోదు. ఒంటిలోని నీటిని, ఉప్పును మాత్రం తీసుకుపోతుంది.

సముద్రం పక్కన ఉన్నాము, చల్లగాలి ఉన్నది, మనకేమి భయమనే ధీమా తీరవాసులలో కనిపిస్తుంది. భారత వాతావరణ శాఖ ప్రమాణాలు చూస్తే ఆ ధీమా ఎంత పొరపాటో తెలుస్తుంది. మైదాన ప్రాంతాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితేగాని వడగాలుల పరిస్థితిని లెక్కలోకి తీసుకోరు. తీరప్రాంతాలకు ఆ కనీస ప్రమాణం 37 డిగ్రీలే. అక్కడి సాధారణ ఉష్ణోగ్రత కంటె నాలుగున్నర డిగ్రీలు పెరిగి, 37 డిగ్రీలు దాటితే చాలు, దానిని వడగాలిగానే పరిగణిస్తారు. మైపాడులోనో, ఇస్కపల్లిలోనో, కృష్ణపట్నంలోనో ఉన్నవారు మెట్టప్రాంతపు అంకెలతో తమ ఎండను పోల్చుకొని తక్కువే కదా అనుకోరాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. నెల్లూరు మండలానికి ఆ కార్తెతో ఎండ ముగియదు. ఉత్తరాది జిల్లాలకు జూన్ నెలలో నైరుతి ఋతుపవనాలు చల్లదనాన్ని తెస్తాయి. మనకు ప్రధానమైన వాన ఆశ్వయుజ, కార్తిక మాసాల ఈశాన్య ఋతుపవనాలదే. అందువల్ల జ్యేష్ఠమంతా ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. 2003 మే, జూన్ నెలల వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి మళ్లీ వెయ్యిమందికి పైగా అసువులు బాశారు. వారిలో అనేకులు వృద్ధులు, ఆరుబయట కాయకష్టం చేసుకొనేవారు. వడదెబ్బ మృత్యువులలో చాలామటుకు నీరు, నీడ, సకాల సహాయం ఉంటే తప్పించగలిగినవే. అందుకే ఈ ప్రసంగం.

దేహంలో నీటి లెక్క

వయోజన పురుషుని దేహబరువులో సుమారు 60 శాతం నీరే. స్త్రీలలోను, వృద్ధులలోను ఈ భాగం కొంత తక్కువ. మన రెండు మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే చేర్చి, లీటరున్నర మాత్రమే మలినాలతో బయటకు పంపుతాయి. నీరు తగ్గినప్పుడు అవి మరింత పొదుపు పాటిస్తాయి. మూత్రం చిక్కబడి, ముదురు రంగుకు తిరుగుతుంది. ఇది దేహం మనకు పంపే మొదటి లేఖ.

దేహబరువులో 2 శాతం మేరకు నీరు తగ్గినా పనిలో చురుకు తగ్గుతుంది, తల బరువెక్కుతుంది, విసుగు పుడుతుంది. 60 కిలోల మనిషికి 2 శాతమంటే లీటరు కంటె కొంచెం ఎక్కువ. ఎండలో కష్టపడి పనిచేసేవారికి గంటకు లీటరు చెమట పోవడం అరుదేమీ కాదు. అనగా ఉదయం ఒక గంటన్నర ఉప్పు కొఠారులో పనిచేసిన మనిషి, మధ్యలో నీరు తాగకపోతే, అప్పటికే ఆ హద్దు దాటి ఉంటాడు. మండుటెండలో చెప్పులు లేకుండా క్షేత్రప్రదక్షిణ చేసి, తలనీలాలు సమర్పించి, వరుసలో రెండు మూడు గంటలు నిలిచే యాత్రికుని స్థితీ దీనికి దగ్గరే.

మరి ఎంత తాగాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకాలలో సాధారణ ఆరోగ్యవంతులకు రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్ల నీరు సూచించింది. ఇది నీడపట్టున ఉండేవారికి మొదటి మెట్టు మాత్రమే. ఎండలో పనిచేసేవారికి, పాలిచ్చే తల్లులకు, జ్వరమో విరేచనాలో ఉన్నవారికి ఇది చాలదు. ఇదే సందర్భంలో మరొక సంగతి. 1945లో అమెరికాలోని ఆహార పోషణ మండలి రోజుకు రెండున్నర లీటర్ల నీరు అవసరమని చెబుతూ, అందులో అధిక భాగం ఆహారంలోనే లభిస్తుందని కూడా చెప్పింది. లోకం మొదటి వాక్యాన్ని పట్టుకొని రెండవదాన్ని మరచిపోయింది. మనం తినే అన్నంలో, పప్పులో, చారులో, మజ్జిగలో, పుచ్చకాయలో, దోసకాయలో ఉన్నదంతా నీరే. మితంగా తాగిన కాఫీ, టీలలోని నీరు కూడా లెక్కకు వస్తుంది. కాబట్టి గ్లాసులు లెక్కపెడుతూ ఆందోళన పడనక్కరలేదు. మూత్రం లేత గడ్డిరంగులో ఉండి, నాలుగైదు గంటలకొకసారి వస్తున్నదంటే నీరు సరిపోతున్నట్లు. ముదురు పసుపుకు, ఇంకా గోధుమరంగుకు తిరిగిందంటే వెంటనే తాగాలి. కొన్ని మందులు, విటమిన్ బిళ్లలు రంగు మారుస్తాయి. అది మినహాయింపు.

ఎండలో ఉన్నప్పుడు పదిహేను ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు చొప్పున తాగడం మేలు. మూడు గంటలు ఏమీ తాగకుండా ఉండి, ఒక్కసారిగా చెంబెడు నీళ్లు దిగమింగితే కడుపు ఉబ్బరించడమే గాని దేహం దానినంతా నిలుపుకోలేదు.

దాహం మోసగించే వేళ

దాహం వేసినప్పుడు తాగితే చాలదా అని అడుగుతారు. ఆరోగ్యవంతుడైన యువకుడు నీడలో ఉన్నప్పుడు చాలవచ్చు. అయితే మూడు వర్గాలవారి విషయంలో దాహాన్ని నమ్ముకోరాదు.

మొదటివారు వృద్ధులు. వయసు మీరినకొద్దీ దాహమనే స్పృహ మందగిస్తుంది. మూత్రపిండాలు నీటిని పొదుపు చేసే శక్తీ తగ్గుతుంది. ఒంటిలో నీరు తగ్గుతున్నా నోరు ఎండినట్లు అనిపించదు. తాతగారు మాట తడబడుతున్నారనీ, అమ్మమ్మగారు ఉన్నట్టుండి మగతగా ఉన్నారనీ వేసవిలో తీసుకువస్తే, కారణాలలో మొదట చూడవలసినది నీటి లోటు. ఇంట్లో పెద్దవారికి గంటగంటకు నీరో, మజ్జిగో చేతికి అందించాలి. కావాలా అని అడిగితే వద్దంటారు. అడగక ఇవ్వాలి.

రెండవవారు పసిపిల్లలు. వారు చెప్పలేరు. ఏడ్చినా కన్నీరు రాకపోవడం, నాలుక తడారడం, ఆరు గంటలైనా మూత్రం పోయకపోవడం వారి భాష.

మూడవవారు మన తల్లులు, అక్కచెల్లెళ్లు. వారికి దాహం తెలియక కాదు, తెలిసి ఆపుకొంటారు. ఎందువల్ల? తాగితే మూత్రానికి వెళ్లవలసి వస్తుంది, వెళ్లడానికి చోటు ఉండదు. తెల్లవారుజామున చేపల గంపలెత్తుకొని బస్సెక్కే స్త్రీలు, ఉప్పు కొఠారులలోను రొయ్యల గుంటల గట్ల మీదను కూలికి వచ్చే స్త్రీలు, వరినాట్లకు వెళ్లే స్త్రీలు ఇంటి నుంచి బయలుదేరిన దగ్గరనుంచి మళ్లీ ఇల్లు చేరేవరకు గుక్కెడు నీళ్లతో గడుపుతారు. యాత్రకు వచ్చిన గృహిణి పరిస్థితీ అంతే. వరుస వదిలితే మళ్లీ తన చోటు దొరకదు, వదిలినా శుభ్రమైన గది దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకని తెల్లవారినప్పటినుంచి నీళ్లు ముట్టరు. బయటికి అది భక్తితో చేసిన ఉపవాసంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది నిస్సహాయత.

దీని ఫలితం వైద్యులమైన మాకు కనిపిస్తుంది. మాటిమాటికి మూత్రనాళంలో అంటువ్యాధులు, మంట, మూత్రపిండాలలో రాళ్లు, తలనొప్పి, కళ్లు తిరగడం. తల్లులు నోరు తెరిచి చెప్పుకోరు. మేము అడిగినా తలవంచుకొంటారు. ఈ సభలో ఇటువంటి మాట ఎత్తడం ఉచితమేనా అని కొందరికి తోచవచ్చు. వేలమంది స్త్రీలు ప్రతి వేసవిలో మౌనంగా భరిస్తున్న బాధను సభలో చెప్పకపోవడమే అనుచితమని నా మనవి.

నీటికి తోడు ఉప్పు

కడలి మధ్యలో పడవ మీద ఉన్నవాడు చుట్టూ నీరున్నా దాహంతో చచ్చిపోగలడు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంత గాఢమైన ఉప్పును మూత్రపిండాలు బయటకు పంపలేవు. దానిని కడిగివేయడానికి తాగిన నీటికంటె ఎక్కువ నీరు దేహం నుంచి ఖర్చవుతుంది. తీరగ్రామాల బావులలోనూ ఈ సమస్య తక్కువ స్థాయిలో ఉన్నది. ఇసుక నేలలలో వాననీరు తేలికైనది కాబట్టి ఉప్పునీటి మీద తెట్టెలా నిలిచి ఉంటుంది. పూర్వులు చెలమ తవ్వి, చిప్పతో పైపైని నీటిని తోడుకొన్నది అందుకే. మోటారు పెట్టి లోతునుంచి లాగితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. నీరు ఉప్పగా ఉన్న గ్రామాలలో జనం రుచించక తక్కువ తాగుతారు. అటువంటి చోట్లకు మంచినీరు చేర్చడమే మొదటి వైద్యం.

అలాగని ఉప్పు శత్రువు కాదు. చెమటతో నీరొక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. గంటలకొద్దీ చెమటోడ్చి వట్టి నీటినే అతిగా తాగితే రక్తంలోని ఉప్పు పలచబడి వాంతులు, తికమక, తీవ్రమైతే మూర్ఛ రావచ్చు. కాళ్ల పిక్కలు పట్టుకుపోవడం కూడా ఎండదెబ్బకు ఒక సూచన. అందుచేత చెమటోడ్చేవారికి నీటితో పాటు కొద్దిపాటి ఉప్పు కావాలి.

ఈ శాస్త్రం మన వంటింటికి కొత్తది కాదు. మొలగొలుకుల అన్నం రాత్రి నీళ్లలో వేసి, ఉదయాన మజ్జిగ, ఉప్పు కలుపుకొన్న చద్దన్నంలో నీరు, ఉప్పు, పిండిపదార్థం మూడూ ఉన్నాయి. గంజి, రాగి అంబలి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ, గూడూరు నిమ్మకాయ పిండి ఉప్పు పంచదార కలిపిన నీరు, బెల్లం మిరియాలు ఏలకులు వేసిన పానకం, అన్నీ ఆ కోవలోనివే. పానకంలో చిటికెడు ఉప్పు చేరిస్తే ఎండన నడిచి వచ్చినవారికి మరింత మేలు. కొబ్బరినీరు మంచిదే. అయితే అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి విరేచనాలయినప్పుడు అదొక్కటే చాలదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగక తాగరాదు.

తీపికి, ఉప్పుకు ఉన్న పొత్తును 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుడు వివరించారు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం ఒకే ద్వారం గుండా చేయి చేయి పట్టుకొని లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. ఈ జ్ఞానం ప్రజలకు ప్రాణదానంగా మారింది మన దేశంలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్ సరిహద్దున బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకొన్నది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించారు. మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ అనే వైద్యపత్రిక ఈ పద్ధతిని శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కాగలదని శ్లాఘించింది. ఆయన మరణానంతరం, 2023లో, భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ ద్రవమే నేటి ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న పాళ్ల ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మీద ఎంత నీటిలో కలపాలని ఉన్నదో అంతే నీటిలో, మొత్తం పొట్లం ఒకేసారి కలపాలి. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి, ఆ రోజే వాడుకోవాలి. ఉప్పు ఆ కొలత మించరాదు. ఓఆర్‌ఎస్ అన్న పేరు పెట్టుకొన్న తియ్యని పానీయాలు కొన్ని ఏళ్లుగా అంగళ్లలో ఉండేవి. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు హెచ్చే ప్రమాదం ఉన్నదని హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, నిర్ణీత పాళ్లు లేని పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీది పాళ్లను చదివి కొనండి.

జాగ్రత్త పడవలసినవారు

నీరు ఎక్కువ తాగండి అన్న మాట అందరికీ వర్తించదు. గుండె బలహీనతతో కాళ్లు వాచేవారు, డయాలసిస్ చేయించుకొనేవారు, వైద్యుడు నీటికి హద్దు పెట్టినవారు ఆ హద్దులోనే ఉండాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు నీళ్లను, ఓఆర్‌ఎస్‌ను అలవాటుగా తాగరాదు. నీరు పోయేందుకు ఇచ్చే మాత్రలు వాడేవారు యాత్రకు బయలుదేరే ముందే తమ వైద్యుని సలహా తీసుకోవాలి. మధుమేహం ఉన్నవారు పానకం, చెరకురసాలకు బదులు మజ్జిగను ఎంచుకోవాలి.

ఉపవాసాల గురించి ఒక మాట. నిర్జల ఏకాదశి జ్యేష్ఠ శుద్ధంలో, మన ప్రాంతపు నడి ఎండలలో వస్తుంది. ఆ వ్రతం మీద నాకు గౌరవం ఉన్నది. అయితే నీరు, పండ్లు, పాలు, ఔషధం మొదలైన ఎనిమిది వ్రతభంగం చేయవని ధర్మశాస్త్రాలే చెబుతున్నాయి. అశక్తులకు, రోగులకు, గర్భిణులకు పూర్వులే తలుపు తెరచి ఉంచారు. ఆ తలుపు గుండా వెళ్లడం భక్తి లోపం కాదు. ఇన్సులిన్ వాడేవారు, వృద్ధులు నీరు మానివేసే ఉపవాసం చేయకపోవడమే శ్రేయస్కరం.

ఎండలో ఒకరు తడబడుతూ మాట్లాడినా, మనుషులను గుర్తించకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే కావచ్చు. చర్మం పొడిగా ఉండవచ్చు, చెమటతో తడిగానూ ఉండవచ్చు. వెంటనే 108కి ఫోను చేయాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. మెడ, చంకలు, గజ్జలలో చల్లని తడిగుడ్డలు ఉంచాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి.

ఉద్దానం నుంచి నేర్వదగినది

మన తీరరేఖకు ఉత్తరపు కొసన, శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడితోటల నడుమ ఉద్దానం ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం తదితర మండలాలలో మధుమేహం గాని రక్తపోటు గాని లేని కష్టజీవులు కూడా మూత్రపిండాల వ్యాధితో కృశించిపోతున్నారు. కారణం ఇదొక్కటే అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. సముద్రాల ఆవల మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాలలో చెరకు నరికే కూలీలకూ ఇటువంటి వ్యాధే వచ్చింది. అక్కడి పరిశోధనలు ఎండ, చెమట, నీటి లోటు పదే పదే కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయని సూచించాయి. వారు చేపట్టిన చికిత్స మూడు మాటలు: నీరు, నీడ, విరామం. పొలంలో గుడారం, చేతికందే నీరు, నిర్ణీత విశ్రాంతి. మన చలిపందిరి అన్న మాటలోనే ఈ మూడూ ఉన్నాయి. చలి అంటే చల్లని నీరు, పందిరి అంటే నీడ, ఆ కింద కూర్చున్న కొద్దిసేపే విరామం.

దాతలకు విన్నపం

దాతలారా! చలివేంద్రం పెట్టదలచినవారికి నా అనుభవం నుంచి కొన్ని సూచనలు మనవి చేస్తాను.

మొదటిది, స్థలం. ఆలయ ద్వారం వద్ద, కూడలిలో చలివేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడ మరొకటి పెట్టడంకంటె, నీరు దొరకని చోట పెట్టడం మిన్న. ఇస్కపల్లి ఉప్పు కొఠారుల దారి, బకింగ్‌హాం కాలువ గట్టు, చేపలు దింపే రేవు, రొయ్యల గుంటలకు వెళ్లే మలుపు, బస్సు కోసం నిలిచే నీడలేని స్టాపు. వీటిని గుర్తుంచుకోండి.

రెండవది, కాలం. పలు చలివేంద్రాలు మే నెలతో మూతపడతాయి. మన జిల్లాలో ఎండ అప్పటికి ముగియదు. జ్యేష్ఠం చివరివరకు నడపగలిగినంత సొమ్ము ముందుగానే కేటాయించండి. జొన్నవాడ కామాక్షమ్మ వారి, పెంచలకోన నృసింహస్వామి వారి ఉత్సవాల వంటి వేసవి సంబరాలకు వచ్చే జనం నడిచే దారులలోనూ అవసరం ఉన్నది.

మూడవది, శుచి. నీటిని క్లోరిన్ బిళ్లలతో, పొట్లం మీది కొలత ప్రకారం శుద్ధిచేసి, అరగంట ఆగి ఇవ్వాలి. కుండపై మూత, పొడవాటి కాడ ఉన్న గరిటె, రోజూ కడిగిన గ్లాసులు ఉండాలి. చేయి ముంచి తీసిన నీరు దానం కాదు, వ్యాధి పంపకం. ఒక కుండలో నీరు, ఒక కుండలో ఉప్పు వేసిన పలచని మజ్జిగ, ఒక డబ్బాలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంచండి. నీరిచ్చే వ్యక్తికి వడదెబ్బ లక్షణాలు నేర్పండి.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది. నీటి పక్కనే స్త్రీలకు మరుగుదొడ్డి. లోపల గడియ, నీళ్లు, దీపం, రోజుకు రెండుసార్లు శుభ్రం చేసే మనిషి, ఆ మనిషికి సక్రమమైన జీతం. ఆలయ వరుసలలో నిలిచిన స్త్రీ బయటకు వెళ్లి తిరిగి తన స్థానానికే రాగల చీటీ పద్ధతి. ఈ సౌకర్యం లేనిచోట ఎన్ని కుండలు పెట్టినా సగం జనాభా వాటిని చూసి పక్కకు తప్పుకొని వెళుతుంది. శిలాఫలకం మీద మరుగుదొడ్డి దాతగా పేరు చెక్కించుకోవడానికి జంకేవారు ఉంటారు. ఒక తల్లి నిశ్చింతగా గ్లాసెడు నీళ్లు తాగగలిగిందంటే ఆ పుణ్యం కుండ పెట్టినవానికెంతో, గది కట్టించినవానికీ అంతే.

యాత్రికులకు ఒక్క మాట. ఇంటినుంచి బయలుదేరే ముందు రెండు గ్లాసుల నీరు తాగండి. చేతిలో ఒక సీసా ఉంచుకోండి. ఉదయం పది గంటలలోపే, లేదా సాయంత్రం నాలుగు తర్వాత దర్శనానికి వచ్చే ప్రయత్నం చేయండి. రామతీర్థంలో సముద్రస్నానం చేసినవారు వెంటనే మంచినీరు తాగండి. మీ పక్కన వరుసలో నిలిచిన పెద్దవారిని చూసి, తాతా, కొంచెం నీళ్లు తాగండి అని మీ సీసా అందించండి. చలివేంద్రం పెట్టలేనివారు కూడా చేయగల జలదానం అది.

ఈ మండలంలోని ఏ ఒక్కరూ ఈ వేసవిలో నీరందక నేలకొరగకుండును గాక అని ప్రార్థిస్తున్నాను. సభ ముగిసింది. బయట పందిరిలో మజ్జిగ సిద్ధంగా ఉన్నది, అందరూ తాగి వెళ్లండి.